కాటుకపిట్టల రాయి

కిందటి నెలలో నా కుడికంటికి శుక్లం తీశారు. బల్లమీద పడుకోబెట్టి, కంట్లో మందు వేసి, నాకు తెలిసిన దేవుళ్ళ పేర్లన్నీ ఒక విడత తలుచుకోవడం పూర్తికాకుండానే, అయిపోయిందమ్మా లేవండి అన్నారు. మర్నాడు కట్టు విప్పాక, ఈ దీవుల పట్నంలో, మిడిల్ పాయింట్‌లోని మా ఇంటి వరండాలో కూర్చుంటే, ఎదురింటి రేకుల కప్పుమీద మేకులు కూడా లెక్కపెట్టేటంత స్పష్టంగా కనిపించాయి. నా చేతి ముడతలూ అంతే స్పష్టంగా కనిపించాయనుకోండి, ఆ సంతోషం లేకపోయినా బావుండేది. కాసేపు అన్నీ చూసి మురిసిపోయి, ఆ తరువాత ఎందుకో ఆపుకోలేక ఏడ్చాను. కన్ను నొప్పి పెడుతోందేమోనని మనవరాలు కంగారుపడి మందుల సంచీ తెచ్చింది. నొప్పి కాదు, ఇంత కాసేపటి పనికి మా మామగారు పోయేదాకా చీకట్లో కూర్చున్నాడే అని ఏడుపు వచ్చింది.

ఈ మనవరాలు నా కొడుకు కూతురు, ఇక్కడే ఒక ఆఫీసులో పని. ఆదివారం వస్తే తెల్లారకుండానే లేచి, మెడలో దుర్భిణి వేసుకుని, తనలాంటి నలుగురితో కలిసి పిట్టల్ని చూడడానికి పోతుంది. చూసినవాటిని లెక్కరాసి ఎక్కడికో పంపిస్తారట. మా రోజుల్లో ఒక ఆడపిల్ల పొద్దున్నే పిట్టల్ని చూడ్డానికి పోతున్నానంటే ముందు దాని బుర్ర బాగుందో లేదో చూపించేవాళ్ళు. కన్ను బాగుపడిన వారంలోనే ఆ పిల్ల ఫోను నా ముందు పెట్టి, “నానమ్మా, దేఖో నా, ఈ పక్షి పేరు చెప్పు చూద్దాం” అంది. తెల్లటి పిట్ట, చీలిన తోక, కంటి కొసనుంచి మెడ వెనక్కి తిరిగిన నల్లటి గీత. చూడగానే కాటుకపిట్ట అన్నాను. అది నవ్వి ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పింది. నిజానికి కాటుకపిట్ట అని ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆ పేరు మేం పెట్టుకున్నది, నేను కాక దాన్ని ఎరిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు.

మా పిల్ల తెలుగు బాగానే మాట్లాడుతుంది, మధ్యలో హిందీ తాలింపు వేసి. చదవడం మాత్రం రాదు. అందుకని ఇది దానికోసం రాయడం లేదు. ఓడలో నాలుగు రోజులు వాంతులు చేసుకుంటూ ఈ దీవుల్లో దిగిన నా ఈడు వాళ్ళు, ఇంకా కళ్ళూ ఓపికా ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళకోసం రాస్తున్నాను. మీకైతే సగం చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

నాకు పెళ్ళయ్యేనాటికి పద్దెనిమిదేళ్ళు. స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడికి మన బెస్తవాళ్ళని కొన్ని కుటుంబాలుగా తీసుకొచ్చి ఒడ్డున చోటు ఇచ్చారు కదా, మా అత్తవారు ఆ వచ్చినవాళ్ళలో ఒకరు. పట్నానికి అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో బోటు దిగి, కొండ ఎక్కి దిగితే అవతల ఒక చిన్న ఇసుకవంపు, దానిచుట్టూ దూరదూరంగా అయిదు ఇళ్ళు. అయిదూ మనవాళ్ళవే అయినా, మా ఇల్లు అన్నిటికంటే చివర, నీటికాలవకి అవతల ఉండేది. మా అత్తగారు నేను రాకముందే పోయింది. మా ఆయన దీవుల మధ్య తిరిగే సర్కారు ఓడలో ఖలాసీ. పెళ్ళయిన పదహారో రోజున ఓడెక్కి వెళ్ళినవాడు మళ్ళీ రెండున్నర నెలలకి వచ్చాడు. అంచేత ఆ ఇంట్లో మిగిలింది నేనూ మా మామగారూ.

ఇప్పటి పిల్లలకి చెబితే కట్టుకథ అనుకుంటారు గానీ, మా ఇళ్ళలో కోడలు మామతో మాట్లాడకూడదు. ఎదురుగా నిలబడకూడదు, మొహం చూడకూడదు, అవసరం పడితే అత్తగారిచేత చెప్పించాలి. ఇల్లంతా కలిపి ఇద్దరమే ఉంటే, ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదాయె. మా ఆయన ఓడెక్కాక మొదటి నాలుగు రోజులూ మూగవాళ్ళలాగే గడిపాం. అయిదో రోజున అన్నం వార్చి, వాకిట్లో మామగారు ఉన్నాడని తెలిసి, చేతిలో కుండతోనే, “కుండా, అన్నం అయిపోనాది, సల్లారిపోతాది” అన్నాను. వాకిట్లోంచి గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది, కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చాడు. అదిగో, అలా మొదలైంది. నాకు కుండ, ఆయనకి ఇంటి దూలం. ఉప్పు ఎక్కువైతే దూలంతో చెప్పేవాడు. కిరసనాయిలు అయిపోతే నేను కుండతో చెప్పేదాన్ని. కుండకీ దూలానికీ ఇన్ని సంగతులు తెలిసిన కొంప ఇంకోటి ఉండదు.

నవ్వుతూ రాస్తున్నానే గానీ ఆ రోజుల్లో నేను పడ్డ ఒంటరితనం ఇంతా అంతా కాదు. ఊళ్ళో మా అమ్మ వాకిట్లో కాకి అరిస్తే చుట్టాలొస్తారని ఇంకో గుప్పెడు బియ్యం పోసేది. ఇక్కడ ఆ బూడిదమెడ కాకే లేదు. ఉన్నదల్లా నల్లటి పెద్ద బొంతకాకి, అది రోజంతా అరిచినా ఓడ రానిదే చుట్టం ఎక్కణ్ణించి వస్తాడు? అన్ని పిట్టలూ అంతే, మన పిట్టల్లాగే ఉంటాయి గానీ మనవి కావు. జెముడుకాకి అనుకుని చూస్తే ఒళ్ళంతా గోధుమరంగు, చిలక అనుకుంటే రొమ్ముమీద గులాబీరంగు, వడ్రంగిపిట్టేమో బొగ్గులో ముంచి తీసినట్టు ఉండి నెత్తిన ఎర్రటి కుచ్చు. సముద్రం ఒక్కటే అటూ ఇటూ ఒకేలా ఉంది, దానికి ఆ కొసన మా అమ్మ ఉంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేపల గంపలెత్తుకుని బోటుమీద పట్నంలోని అబర్డీన్ బజారుకి పోయేవాళ్ళు. కొత్తకోడల్ని కనక నన్ను అప్పుడే పంపలేదు. మనిషి గొంతు వినకుండా పొద్దు గుంకిన రోజులు ఎన్నో.

మా మామగారిది ఆ ఒడ్డున పెద్ద పని. ఇసుకవంపు పక్కనే ఒక గుట్ట ఉంది, ఇక్కడివాళ్ళు టిక్రీ అంటారు. దానిమీద నిలబడి సముద్రంలో చేపల గుంపు ఎక్కడుందో కనిపెట్టి, చేతిలో తెల్లగుడ్డ ఊపి, కింద పడవలోవాళ్ళకి దారి చూపడం ఆయన పని. గుడ్డ కుడికి వంచితే కుడికి, ఎడమకి వంచితే ఎడమకి, గిర్రున తిప్పితే వల వదలమని, వదిలాక ఒడ్డున ఉన్నవాళ్ళు తాళ్ళు పట్టి లాగుతారు. అయిదు ఇళ్ళకీ కలిపి ఒకటే పెద్దవల, నూలుతో ఇంటిల్లిపాదీ ఏడాదిపాటు అల్లి ఓడలో మోసుకొచ్చింది. పడవలోవాళ్ళు కిందుంటారు కాబట్టి వాళ్ళకి కెరటాలు తప్ప ఏమీ కనిపించదు. గుంపు ఎక్కడ తిరుగుతోందో, నీళ్ళకింద రాయి ఎక్కడిదాకా ఉందో పైన ఉన్నవాడికే తెలుస్తుంది. గుంపుకి గుర్తు సముద్రపిట్టలు. మా ఊరి రేవులో ఆయన, ఆయన తండ్రి, అందరూ నమ్మిన లెక్క ఒకటే, సముద్రపిట్టలు ఒకచోట మూగి మునుగుతున్నాయంటే కింద చేప ఉన్నట్టే. పడవ నడిపేవాడు ఆయన తమ్ముడు, నాకు చినమామ. మాట కటువు, అన్న మాటంటే మాత్రం గురి.

రోజూ పొద్దెక్కాక అంబలి ముంత తీసుకుని గుట్ట ఎక్కి, ఆయన వెనకాల మొగలిపొద దగ్గర పెట్టి దిగి వచ్చేయడం నా పని. వల వేసే వేళకి ఆడమనిషి అక్కడ ఉండకూడదు, అది వాళ్ళ పట్టింపు. మాఘమాసంలో కాబోలు, ఒకరోజు ముంత పెట్టి పొద వెనక్కి తప్పుకున్నాను. ఆయన వంగి ముంతకోసం చెయ్యి చాపితే ఆ చెయ్యి ముంతకి జానెడు దూరంలో గడ్డిని తడిమింది. మళ్ళీ తడిమింది. మూడోసారికి దొరికింది. ఆ తరువాత కావాలని చూశాను. నెత్తిమీదుగా గద్ద పోతే, అది పోయాక దాని అరుపు వచ్చినవైపు తలతిప్పుతున్నాడు. రేవులోకి వచ్చే పెద్ద ఓడ కనిపిస్తూ ఉంటే ఇంకా రాలేదేమని తనలో తాను గొణుక్కుంటున్నాడు. కళ్ళలో నల్లగుడ్డుమీద పాలపొర కమ్మింది. ఇన్నాళ్ళూ ఆ మనిషి పిట్టల్ని చెవులతో వింటూ గుడ్డ ఊపుతున్నాడు. గాలి సముద్రంమీంచి వీచినంతకాలం చెవులు పనిచేశాయి. గాలి తిరిగిన రోజుల్లో వల ఉత్తిదే వచ్చేది. చినమామ అప్పటికే సణుగుతున్నాడని నాకు తెలుసు. ఆ గుట్ట దిగిపోతే మా మామగారికి ఈ దీవిలో ఇంకేమీ లేదు.

మర్నాడు ముంత పెట్టి నేను కదల్లేదు. కాసేపటికి ఆయన మొగలిపొదవైపు తిరక్కుండానే, “ఈయాల పిట్టలేటి ఇనబడవు, ఏ పక్కకెల్లిపోనాయో” అన్నాడు. పొదతో అన్నాడో తనతో అన్నాడో తెలీదు. ముంతని రెండు చేతులా పట్టుకుని, “ముంతా, తూరుపేపు ఉన్నాయి, రెండు తాటిచెట్లంత దూరంలో, మునిగి లేస్తన్నాయి” అన్నాను. ఆయన గుడ్డ తూర్పుకి వంచాడు. ఆ రోజు వల నిండా కవళ్ళ చేపలు పడ్డాయి. సాయంత్రం ఇంట్లో దూలంతో, రేపట్నించి ముంత కొంచెం పెందలాడే తెస్తే బావుణ్ణు అన్నాడు.

అప్పట్నించి వైశాఖం దాకా ఆ మూడునెలలూ నేను బతికిన రోజులు. పొద వెనక చాప ముక్క వేసుకుని కూర్చుంటే, నేను పైకి ఎవరికీ కనిపించను, నాకు మాత్రం ఆకాశమూ, సముద్రమూ, గుట్టకింద మడచెట్ల బురదా అన్నీ కనిపిస్తాయి. ఏది ఎలా ఎగురుతుందో, ఏది మునిగి చేపతో లేస్తుందో, ఏది ఉత్తినే నీళ్ళని తాకి పోతుందో ముంతకి చెప్పేదాన్ని. ఆయన పొదకి ప్రశ్నలు వేసేవాడు. రెక్క పొడుగా పొట్టా, గొంతు బొంగురా కీచా, ఒంటరిగా తిరుగుతోందా జతగానా. ఒకరితో ఒకరం ఒక్క మాట కూడా మాట్లాడకుండానే ఆయనకి తెలిసిందంతా నాకు నేర్పేశాడు. అన్నిటికంటే ముఖ్యంగా ఒకటి నేర్పాడు. మునగడం కాదు చూడవలసింది, లేచేటప్పుడు ముక్కున ఏమైనా ఉందా అని చూడాలి. అది చూడకుండా మాట చెప్పకూడదు. తెల్లపిట్టకి కంటికొసన గీత ఉందని నేను చెబితే, “కాటికెట్టుకున్నట్టా?” అని పొదని అడిగాడు. ఔనన్నాను. ఆ రోజునుంచి అవి మాకు కాటుకపిట్టలు అయిపోయాయి.

మా ఊరి రేవులో ఈ సముద్రపిట్టలు చలికాలం చుట్టాలు. దసరా తరువాత వస్తాయి, ఎండలు ముదిరేలోగా పోతాయి. ఎక్కడ గూడు పెడతాయో, ఎలా గుడ్లు పొదుగుతాయో మా వాళ్ళెవరూ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఇక్కడ మాత్రం అవి వెళ్ళలేదు. వైశాఖం వచ్చి ఎండ మాడ్చేస్తున్నా వెళ్ళలేదు. ఇసుకవంపుకి దక్షిణం మూల నీళ్ళలో ఒక పెద్ద రాయి ఉంది, గుట్టమీంచి చూస్తే ఆ రాయి నెత్తిమీద అవి ముగ్గుపిండి చల్లినట్టు కూర్చునుండేవి. ఎందుకు కూర్చున్నాయో నేను అడగలేదు, చెప్పడానికి ఆయనకీ తెలీదు.

వానలు దిగితే పడవ ఒడ్డెక్కించాలి. అంచేత వైశాఖంలో పట్టింది ఎండబెట్టుకుంటేనే వానాకాలం నాలుగు నెలలూ గడుస్తాయి. ఆ యేడు చివరి పదిరోజులూ వల ఉత్తిదే వస్తోంది. నేను చూస్తూనే ఉన్నాను, పిట్టలు దూరంగా ఒకటీ అరా తిరగడమే తప్ప మూగడం లేదు. చినమామ ఒక సాయంత్రం మా వాకిట్లోకి వచ్చి, రేపు కూడా ఇలాగే అయితే గుట్టమీదకి తన అల్లుణ్ణి ఎక్కిస్తానని మొహంమీదే చెప్పి వెళ్ళాడు. మామగారు అన్నం సగంలో వదిలి లేచిపోయాడు. ఆ సగం కంచం ముందు కూర్చుని నేను ఎన్ని దేవుళ్ళకి మొక్కానో.

మర్నాడు పొద్దు నడినెత్తికి రాకముందే, దక్షిణం మూల రాయి పక్కన కాటుకపిట్టలు ఒక్కసారిగా లేచాయి. పది కాదు ఇరవై కాదు, ఆ రాతిమీద ఉన్నవన్నీ. లేచి, చెవులు చిల్లులు పడేలా అరుస్తూ, ఒకటి తరువాత ఒకటి నిట్టనిలువునా కిందికి దూకుతున్నాయి. నా ప్రాణం లేచొచ్చింది. “ముంతా, దక్షిణం మూల, రాయి పక్కనే, పిట్టలన్నీ మునుగుతన్నాయి” అన్నాను. ఆయన వెంటనే గుడ్డ ఎత్తలేదు. తల ఒక పక్కకి వంచి వింటూ నిలబడ్డాడు. తరువాత ఎప్పటిలాగే పొదని అడిగాడు.

“ముక్కున ఏటైనా ఉందేటి?”

నేను చూడలేదు. అంత దూరంలో, అన్ని రెక్కల మధ్య, చూడాలంటే కాసేపు పడుతుంది. కింద పడవలో చినమామ తెడ్డు ఆపి గుట్టవైపు చూస్తున్నాడు. అన్ని పిట్టలు మూగితే చేప కాక ఇంకేముంటుంది అనుకున్నాను. ఉంది అన్నాను.

గుడ్డ దక్షిణానికి వంగింది. పడవ రాయి దగ్గరికి వెళ్ళింది, ఇంకా దగ్గరికి రమ్మని గుడ్డ పిలిచింది, ఎందుకంటే పిట్టలు ఇంకా దగ్గర ఉన్నాయని నేనే చెప్పాను. నీళ్ళకింద రాయి ఎంతదాకా పాకిందో పైనుంచి నల్లగా కనిపిస్తూనే ఉంటుంది. నేను పిట్టల్నే చూశాను, నీళ్ళని చూడలేదు. గుడ్డ గిర్రున తిరిగింది, వల దిగింది. ఒడ్డునుంచి లాగేవాళ్ళు పది బారలు లాగారో లేదో వల బిగుసుకుపోయింది. ఇంకా లాగారు. అంత దూరంనుంచి నాకు వినబడిందని చెబితే నమ్మరేమో, నూలు తెగిన చప్పుడు విన్నాను. అప్పుడు రాతి అవతలి పక్కనుంచి తెల్లరొమ్ము సముద్రపు గద్ద ఒకటి కాళ్ళలో కూనని పట్టుకుని లేచింది. పిట్టలన్నీ దాని వెంటపడి అరుస్తూ పోయాయి. అవి చేపలమీద దూకలేదు. ఆ రాతిమీద వాటి గుడ్లూ పిల్లలూ ఉన్నాయి, గద్దని తరమడానికి దూకాయి.

వలలో సగానికి సగం నీళ్ళకింద పదునైన రాళ్ళకి చిక్కి పీలికలైపోయింది. కాసేపటికి మగవాళ్ళంతా తడిబట్టలతో గుట్ట ఎక్కారు. చినమామ ఆయాసపడుతూ అన్నగారి ఎదుట నిలబడి, “అన్నా, నువ్వేటి సూసి గుడ్డూపినావు?” అన్నాడు. నేను పొద వెనక ముంత పట్టుకుని కూర్చునే ఉన్నాను. మామగారు తల దించుకున్నాడు. “నాకు కళ్ళగుపడక ఏడాదయిపోనాదిరా తమ్ముడా. సెప్పుకోడానికి సిగ్గేసి సెప్పనేదు” అన్నాడు. అంతే. మొగలిపొద గురించి గానీ, ముంత గురించి గానీ ఒక్క ముక్క అనలేదు. తిడతాడనుకున్న చినమామ అన్న చెయ్యి పట్టుకున్నాడు. అన్నిసార్లు ఎక్కి దిగిన గుట్టని ఆ రోజు మా మామగారు తమ్ముడి చెయ్యి పట్టుకుని, రాయి రాయికీ కాలు తడుముకుంటూ దిగాడు. తెల్లగుడ్డ అక్కడే గడ్డిలో పడివుంది.

నేను లేచి ఒక్క మాట చెప్పి ఉండవలసింది. పెద్దల ముందు కోడలు నోరు విప్పకూడదు అన్నది నిజమే. కానీ ఆ రోజు నా నోరు మూయించింది ఆచారం కాదు, భయం. ఆచారం చాటున దాక్కున్నాను. ఇన్నేళ్ళలో నా మీద నాకే అసహ్యం వేసిన రోజు ఏదంటే అదే.

ఆ వానాకాలం అయిదు ఇళ్ళవాళ్ళమూ పెండలం ఉడకేసుకుని, బురదలో గుల్లలు ఏరుకుని గడిపాం. ఎవరూ మా ఇంటిని పల్లెత్తు మాట అనలేదు, అనివుంటే కొంత నయంగా ఉండేది. మామగారు వరండాలో కూర్చుని చిరిగిన వలని ఒళ్ళో వేసుకుని, వేళ్ళతో తడుముతూ కన్ను కన్నుగా అల్లేవాడు. నేను వెదురు సూదికి నూలు చుట్టి పక్కన పెట్టేదాన్ని. రేకులమీద వాన, ఆయన వేళ్ళ కదలిక, ఇంకేమీ లేదు. దూలంతో మాటలు ఆగిపోయాయి. చెప్పడానికి నా దగ్గర పిట్టలు లేవు, అడగడానికి ఆయనకి సముద్రం లేదు. మా ఆయన ఓడెక్కిన ఆ మొదటి నాలుగు రోజులకంటే ఆ రెండు నెలలూ ఎక్కువ బరువుగా గడిచాయి. మా ఆయన ఒకసారి వచ్చి మూడురోజులుండి వెళ్ళాడు, ఆయనకి కూడా చెప్పలేకపోయాను.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, గంజి వారుస్తూ ఉండగా ఇంక ఆగలేకపోయాను. “కుండా, ఆ రోజు నాను సూడనేదు. ముక్కున ఉందో నేదో సూడకుండానే ఉందన్నాను” అని, అక్కడే కూలబడి ఏడ్చాను. వరండాలో సూది ఆగింది. ఆయన దూలంతో కాదు, ఒళ్ళో ఉన్న వలతో మాట్లాడాడు.

“ఆ అరుపు సేపమీద అరుపు కాదని నా సెవికీ తోసింది. అయినా ఊపినాను. ఊపింది నా సెయ్యి.”

ఇంకో నాలుగు కన్నులు అల్లాక, “ఆ రాతిమీద పిల్లలేటయినాయో. ఎగిరినాయేటో” అన్నాడు.

నేను కళ్ళు తుడుచుకుని, తాటాకు గొడుగు వేసుకుని, ఆ వానలోనే గుట్ట ఎక్కాను. రాతిమీద పొడలు పొడలుగా ఉన్న పిల్లలు ఏడు లెక్కపెట్టాను, రెక్కలు విప్పి గాలికి ఎత్తిపట్టుకుని నేర్చుకుంటున్నాయి. ఒకటి ఎగిరి, రెండు మూరలు పోయి, మళ్ళీ రాతిమీదే చతికిలబడింది. తిరిగి వచ్చి అంతా కుండకి చెప్పాను. చతికిలబడిందని చెప్పినప్పుడు వరండాలో చిన్న నవ్వు వినిపించింది. ఏ పనీ లేకుండా, ఎవరికీ దారి చూపక్కర్లేకుండా, ఉత్తినే పిట్టల్ని చూసి రావడం నాకు ఆ రోజే మొదలు. ఆ తరువాత ఆయన పోయేదాకా, మూడేళ్ళపాటు, రోజూ వెళ్ళి వచ్చి చెప్పేదాన్ని. ఆయన పోయాక కూడా కొన్నాళ్ళు వెళ్ళాను గానీ, ఇంటికి వచ్చి కుండతో చెబుతుంటే వినేవాళ్ళు లేక మానేశాను. తరువాత మా ఆయనకి ఒడ్డున పని దొరకడం, పిల్లల చదువులని మేము ఇటు మారిపోవడం, ఇప్పుడు ఆయన కూడా లేకపోవడం, అవన్నీ అందరి ఇళ్ళలో ఉండే కథలే.

మొన్న ఆదివారం మనవరాలు నన్ను కూడా ఆ పాత గుట్టకి తీసుకెళ్ళింది. వైశాఖమే. గుట్టమీదకి ఇప్పుడు సిమెంటు మెట్లున్నాయి, పైన కూర్చోడానికి కట్టిన చప్టా ఉంది. మొగలిపొద లేదు. సునామీ తరువాత నేల కుంగి ఇసుకవంపు సగం నీళ్ళలోకి పోయింది, అయిదు ఇళ్ళ చోట్లూ గుర్తుపట్టలేకపోయాను. రాయి మాత్రం ఉంది, కుంగిపోయి నెత్తి ఒక్కటే తేలుతోంది. దానిమీద నాలుగో అయిదో తెల్లచుక్కలు. ఆ పిల్లలందరూ చెవుల్లో తీగలు పెట్టుకుని, ఫోన్లలో ఏవో నొక్కుకుంటూ, పక్కపక్కనే కూర్చుని ఎవరి లోకంలో వాళ్ళున్నారు. మాట్లాడుకోవడానికి వాళ్ళకి ఏ అడ్డూ లేదు. అంత స్వేచ్ఛ మాకు ఉండి ఉంటే ఎన్ని మాట్లాడుకునేవాళ్ళమో అనిపించింది, ఏమో, మేము కూడా ఇలాగే కూర్చునేవాళ్ళమేమో.

అంతలో రాతిమీది పిట్టలు లేచి అరవడం మొదలుపెట్టాయి. మనవరాలు దుర్భిణి నా చేతికిచ్చి, నా కొత్తకంటికి సరిగ్గా అమర్చి, “నానమ్మా, నీకు బాగా కనిపిస్తుంది కదా, మునుగుతున్నాయి చూడు. నోట్లో మఛ్లీ ఉందా?” అని అడిగింది, పుస్తకంలో రాసుకోవడానికి.

దుర్భిణి కంటికి ఆనించుకుని, తొందరపడకుండా, ఒక్కొక్క పిట్టనీ చూశాను. ఇది లేచింది, ముక్కు ఖాళీ. ఇది లేచింది, ఖాళీ. కాటుక గీత కూడా కనిపించింది, ఎంత స్పష్టంగా కనిపించిందంటే, మా మామగారికి ఎన్నిసార్లు చెప్పినా అంత బాగా చెప్పలేకపోయానని తెలిసింది. మనవరాలు మళ్ళీ అడిగింది. చప్టామీద నా పక్కన మంచినీళ్ళ సీసా ఉంటే, దాన్ని ఒళ్ళోకి తీసుకుని రెండు చేతులా పట్టుకున్నాను.

“ముక్కున ఏటీ నేదు. గుడ్డెత్తకు మామా” అని సీసాతో చెప్పాను.

“కిస్ సే బాత్ కర్ రహీ హో నానమ్మా, ఎవరితో?” అని నవ్వుతూ అడిగి, సమాధానం కోసం ఆగకుండా ఆ పిల్ల పుస్తకంలో చేప లేదని రాసుకుంది.